నాలుగు వందల పదిహేడు ఇంట్లోనే ఉన్నాడు

నాలుగు వందల పదిహేడో నంబరు రన్నరు ఎనిమిదీ ఇరవై నాలుగుకి పదిహేనో కిలోమీటరు దాటాడని ఫోన్ చెప్పింది. చిక్కల్లా, ఆ నాలుగు వందల పదిహేడు సరిగ్గా ఆ నిమిషంలో తన ఇంటి హాల్లో, కుడికాలు స్టూలు మీద పెట్టుకుని, మడమ కింద దిండు సర్దుకుంటూ కూర్చుని ఉన్నాడు.

అతను కళ్లజోడు తీసి బనీను అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. నంబరు అదే. పేరు అతనిదే. వయసు నలభై ఆరు, అదీ అతనిదే. ఆరింటికి మొదలైన ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగులో ఐదో కిలోమీటరు ఆరూ నలభై ఎనిమిదికి, పదోది ఏడూ ముప్ఫై ఆరుకి, పదిహేనోది ఇప్పుడే, ఇంకా వేడివేడిగా. అసలు చూడాలనుకున్నది టైలరు నంబరు. ఆదివారాలు కలిసి పరిగెత్తే జట్టులో టైలరంత వేగంగా పరిగెత్తేవాడు లేడు, వాడు ఎంతలో ముగించాడో చూసి ఫోన్ చేసి నాలుగు తిట్లు తిట్టి సంతోషిద్దామనుకుంటే, తొమ్మిదేళ్లుగా అలవాటైన బొటనవేలు దాని పాటికది నాలుగు, ఒకటి, ఏడు నొక్కేసింది. సున్నాలు కనిపించాలి కదా. ఇంట్లో కూర్చున్నవాడికి సున్నాలే ఉండాలి కదా. నంబరు గుడ్డ వెనక చొక్కా గుండీ అంత బిళ్ల అతికించి ఉంటుంది, రోడ్డుకి అడ్డంగా పరచిన రబ్బరు పట్టీ మీదుగా ఆ బిళ్ల పోతే కంప్యూటరు టైము రాసుకుంటుంది. బిళ్ల దాని అంతట అది నడవదు. దాన్ని గుండె మీద పెట్టుకుని ఎవరో నడవాలి.

చంక కర్రలు అందుకున్నాడు. హాల్లోంచి పడగ్గదికి పదకొండు అడుగులు, కర్రలతో అయితే ఇరవై రెండు, ఈ నాలుగు నెలల్లో ఈ ఇంటిని అతను కొలిచినంతగా కట్టిన మేస్త్రీ కూడా కొలిచి ఉండడు. హాలు కిటికీ దగ్గర భార్య ఇస్త్రీ చేస్తోంది, ఏదో పాట సగం కూనిరాగం, సగం పెదాల మధ్యే మింగేస్తూ. ఏం కావాలండీ అని అడిగింది, ఏం లేదు, రుమాలు అన్నాడు. సొరుగు లాగాడు. మూడు వారాల కిందట టైలరు తెచ్చిచ్చిన నంబరు గుడ్డని రుమాళ్ల అడుగున దాచుకున్నాడు, పరిగెత్తలేకపోయినా ఇంట్లో ఉంటే చాలనుకుని, రోజుకోసారి తీసి చూసుకుని. ఇప్పుడు లేదు. మాత్రల డబ్బాలో పెట్టిన నాలుగు పిన్నీసులూ లేవు. రుమాళ్లు మాత్రం ఉన్నాయి, అంచుకి అంచు కలిపి, దొంతి చుట్టూ గీత గీసినట్టు సర్ది ఉన్నాయి. దొంగతనానికి వచ్చినవాడు రుమాళ్లు సర్ది వెళ్లడం అతను ఎక్కడా వినలేదు.

మళ్లీ ఇరవై రెండు. కుర్చీ, స్టూలు, దిండు. దొంగ, అనుకున్నాడు, ఆ మాట నోట్లో ఉప్పగా తగిలింది. పద్దెనిమిదేళ్లుగా అతని ఉద్యోగం తూనికల ఇన్‌స్పెక్టరు. చిన్న ఇత్తడి రాళ్ల పెట్టె పట్టుకుని కొట్టు కొట్టుకీ తిరిగి, తక్కెడ ముల్లు సున్నా దగ్గర నిలుస్తుందా లేదా చూడడం, నిలవకపోతే సీలు వేయడం. తరాజు పళ్లెం కింద అంటించిన చింతగింజంత మైనాన్ని గోటితో గీకి తీసినవాడు. అలాంటివాడి పేరు మీద ఇప్పుడు ఎవరో దొంగ తూకం తూస్తున్నారు. అదీ ఏ పరుగులో? ఈ పరుగు పదిసార్లు ముగించినవాడికి అతని నంబరు జీవితాంతం ఇచ్చేస్తారు, వాడు పోయాక కూడా ఇంకొకరు తొడగరు. అతను తొమ్మిది ముగించాడు. ఇది పదోది. నంబరు కింద పసుపు గీత వేసి మరీ పంపారు, పదోసారివాడని దారి పొడవునా తెలిసేలా. అదే గుడ్డ వెనక చీమంత అక్షరాల్లో ఇంకోటి కూడా వేశారు: ఒకరి నంబరుతో మరొకరు ముగింపు గీత దాటితే ఆ నంబరు శాశ్వతంగా రద్దు, దాని మీదున్న పరుగులన్నీ రద్దు. తొమ్మిదీ పోతాయి. వాన పడినదీ, ఆరో కిలోమీటరు దగ్గర కుక్క తరిమినదీ, జ్వరంతో పరిగెత్తి భార్య చేత వారం రోజులు మాటలు పడ్డదీ, అన్నీ. ఫోన్లో నిర్వాహకులకి ఉత్తరం మొదలుపెట్టాడు. అయ్యా, నా నంబరు చోరీకి గురైంది. చోరీకి గురైంది అన్నచోట ఆగాడు. ఎవరు చేశారని అడుగుతారు. ముందు అది తేలాలి.

టైలరా? టైలరు ఎనిమిదీ రెండుకి ముగించేశాడని ఫోనే చెబుతోంది, ఒకే మనిషి రెండు గుడ్డలు కట్టుకుని రెండు వేగాల్లో పరిగెత్తలేడు. బామ్మర్దా? నవ్వులాటకి ఏదైనా చేసే రకం, పెళ్లిలో అక్క మొగుడి చెప్పులు దాచి ఇప్పటికీ ఎక్కడ దాచాడో చెప్పనివాడు. అనుమానం తీరక ఫోన్ చేశాడు. నిద్రలోంచి ఒక మూలుగు వచ్చింది. ఎక్కడున్నావురా అంటే, దుప్పట్లో బావా, ఆదివారం ఎనిమిదిన్నరకి ఇంకెక్కడుంటారు మనుషులు అని, మూర్ఛ వచ్చినట్టు ఆవులించి పెట్టేశాడు. వాడు కాదు. వాడు లిఫ్టు కోసం పరిగెత్తాల్సి వస్తే మెట్ల మీద కూర్చుని ఏడ్చే మనిషి. భార్య ఎదురుగానే ఉంది. మరింకెవరు?

అంకెలు చూడు, అనుకున్నాడు, తక్కెడ అబద్ధమాడినా ముల్లు ఆడదు. మొదటి ఐదుకి నలభై ఎనిమిది నిమిషాలు. రెండో ఐదుకి నలభై ఎనిమిది. మూడో ఐదుకి నలభై ఎనిమిది. మనిషన్నవాడు అలా పరిగెత్తడు. రన్నరు అన్నవాడు మొదట పొగరుగా వెళతాడు, పది దగ్గర దేవుణ్ని తలుచుకుంటాడు, పదిహేను దగ్గర దేవుణ్ని తిడతాడు. పదిహేనో కిలోమీటరు అతనికి బాగా తెలుసు, కుడివైపు పొడుగాటి గోడ, అవతల ఏదో ఫ్యాక్టరీ, గోడ నీడ రోడ్డు మీద సగం వరకే పడుతుంది, అందరూ ఆ నీడలోకి ఒకరి వెనక ఒకరు చీమల్లా దూరతారు, చెమట వాసన, పక్కవాడి ఊపిరి, ఎవరి బూటు కిందో చిన్న రాయి ఇరుక్కుని టక్ టక్ మంటూ ఉంటుంది. ఆ టక్ టక్ ఇప్పుడు అతని చెవిలో వినిపించింది, చూస్తే అది ఇస్త్రీ పెట్టె చల్లారుతున్న చప్పుడు.

నాలుగు నెలల్లో ఇది నాలుగో పరుగు, అతను పోగొట్టుకున్నది. మొదటిది కొండ పరుగు. ఆ రోజు తెల్లవారకుండానే మెలకువ వచ్చి, వెళ్లేవాడిలాగే బనీను వేసుకుని, లేసులు లేని కాలు చూసుకుంటూ గోడకేసి తిరిగి పడుకున్నాడు. రెండోదానికి ఫోన్ ఆపేశాడు. మూడోనాటికి వ్యాయామం చేయించే డాక్టరమ్మ, జట్టులో అందరూ హెడ్‌మిస్ట్రెస్ అని పిలిచే మనిషి, కర్ర లేకుండా పది అడుగులు వేయించింది, ఆ పది అడుగుల చివర అతను రెండు చేతులూ పైకెత్తాడు, గీత దాటినప్పుడు ఎత్తినట్టే, ఆవిడ నవ్వలేదు, ఇంకో పది అంది. ఆ సాయంత్రం నుంచీ ఏదో సర్దుకుంది లోపల. తొమ్మిదేళ్లలో ఒక్క ఆదివారమైనా పొద్దున ఈ ఇల్లు ఎలా ఉంటుందో అతను చూడలేదు. ఏడున్నరకి ఎండ షెల్ఫు మీద పడుతుందనీ, ఎనిమిదింటికి పక్కింటివాళ్ల రేడియో గొంతు సవరించుకుంటుందనీ, భార్య ఇస్త్రీ చేస్తూ పాడుతుందనీ, కాలరు దగ్గరికి వచ్చేసరికి పాట ఆపి ఊపిరి బిగబడుతుందనీ, ఇవన్నీ కాలు విరిగితే తప్ప తెలియలేదు. కాలు విరగడం మంచిదని ఎవరూ అనరు, అతనూ అనడు. కానీ ఈ కుర్చీలో తనకి కొంచెం హాయిగా ఉందని హెడ్‌మిస్ట్రెస్‌కి తెలిస్తే ఇంకో వంద అడుగులు వేయిస్తుంది.

నలభై ఎనిమిది, నలభై ఎనిమిది, నలభై ఎనిమిది. పరుగు కాదది. నడక. ఆపకుండా, తొందరపడకుండా, ఎండకీ ఎత్తుకీ ఒకే అడుగు వేసే నడక. అలాంటి నడక ఒంటికి పట్టాలంటే ఏళ్లు నడవాలి, ఊరికే కాదు, భుజాన బరువు వేసుకుని. రుమాళ్ల అంచులు. ఉత్తరాల కట్టని అరచేత్తో తట్టి తట్టి అంచులు కలిపినట్టు.

అతను గొంతు తగ్గించి అడిగాడు. "మామయ్యగారు ఎక్కడికెళ్లారు?"

"పాత ఆఫీసువాళ్లెవరో కలుస్తున్నారట, ఐదింటికే బయల్దేరారు. కాఫీ కూడా తాగలేదు." ఆమె చొక్కా తిరగేసింది. "కొత్త గుడ్డ బూట్లు వేసుకుని మరీ వెళ్లారు, పెళ్లికొడుకులా."

మామగారు. అరవై మూడేళ్లు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు పోస్ట్‌మన్. అత్తగారు పోయాక కూతురి దగ్గరికి వచ్చి రెండేళ్లయింది. వచ్చేటప్పుడు ఒక పెట్టె, ఆవిడ పెంచిన ఏడు పూలకుండీలు తెచ్చుకున్నారు. కుండీలకి బాల్కనీ చాలక మెట్ల మలుపులో పెట్టారు. ఇంట్లో ఉన్నట్టే ఉండరు, నీళ్ల గ్లాసు కూడా చప్పుడు కాకుండా దించుతారు, అల్లుడు హాల్లోకి వస్తే కుర్చీలోంచి లేస్తారు, ఎన్నిసార్లు కూర్చోమన్నా లేస్తారు. పదిహేను రోజుల కిందట ఆ మనిషి తనంతట తానే వచ్చి ఎదురుగా నిలబడి, ఆ నంబరు వెనక బిళ్ల ఏంటి బాబూ అని అడిగారు. ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. అతను పొంగిపోయి పట్టీల గురించీ, పది పరుగుల గురించీ, పసుపు గీత గురించీ అరగంట చెప్పాడు. మనిషి వెళ్లకపోతే ఆ నంబరు ఏమవుతుందని అడిగారు. ఖాళీగా ఉంటుందన్నాడు. ఖాళీ అంటే, రిజిస్టర్లో గైరుహాజరు పడుతుందా అని అడిగారు. అలాంటిదేనన్నాడు. మామగారు తల ఊపి, చాలాసేపు తల ఊపుతూనే ఉండి, వెళ్లిపోయారు. ఆ తర్వాత సాయంత్రం నడక గంట నుంచి రెండు గంటలైంది. బాల్కనీలో రోజూ ఒక జత మేజోళ్లు ఆరుతుండేవి. ఇన్ని చూసి కూడా పట్టుకోలేకపోయినవాడు ఊళ్లో తక్కెడలు పట్టుకుంటాడట.

వెనక వేసిన నియమం చదవలేదా మరి? చదవరు. ముప్ఫై ఒక్కేళ్లు పై అడ్రసు తప్ప లోపల ఏముందో చూడని మనిషి. తన పేరు లేని కాగితాన్ని ఆయన తిప్పి కూడా చూడరు.

ఫోన్లో సగం రాసిన ఉత్తరం అలాగే ఉంది. చోరీకి గురైంది. అతను ఒక్కో అక్షరం చెరిపేశాడు. చెప్పకపోతే ఏమవుతుంది? ఆయన గీత దాటుతారు, పదో పరుగు అతని ఖాతాలో పడుతుంది, నంబరు జీవితాంతం అతనిది, ఎవరికీ తెలియదు. పళ్లెం కింద మైనం ముక్క. చెబితే తొమ్మిదీ పోతాయి. టైము ఎనిమిదీ యాభై ఐదు. మామగారు ఇప్పుడు ఎక్కడుంటారు, గోడ దాటేసి ఉంటారు, చెరుకురసం రంగు భవనం దగ్గర ఎడమకి తిరిగితే ఇక నీడ ఉండదు, పైగా ఎత్తు. టోపీ పెట్టుకున్నారా? నీళ్లు తాగుతున్నారా? ఎవరైనా గ్లాసు అందిస్తే వద్దు బాబూ అని మొహమాటపడుతున్నారా? అప్రయత్నంగా అతని ఎడమకాలు నేల మీద తాళం వేయడం మొదలుపెట్టింది. తొమ్మిదిన్నరకి ముగింపు గీత దగ్గర గేటు మూసేస్తారు.

ఎత్తు అనగానే మెట్లు గుర్తొచ్చాయి, మెట్లు ఎప్పుడూ పిలవకుండానే వస్తాయి. ఆ రోజు ఇంకా వెలుతురు రాలేదు, చేతిలో నీళ్ల బాటిలు, మలుపు తిరిగాడు, కాలి కింద మెట్టు లేదు. మెట్టు ఉంది, కాలే లేదు. చీలమండ దగ్గర పచ్చి కట్టె విరిచిన చప్పుడు. నడుము కింద తడి. బాటిలు చిట్లి నీళ్లు పోయాయనుకున్నాడు, అందరికీ అదే చెప్పాడు, నాసిరకం బాటిలు కొన్నందుకు తనని తాను తిట్టుకుంటూ, వచ్చినవాళ్లందరి ముందూ ఆ బాటిల్ని తిడుతూ. తర్వాత ఎప్పుడో వంటగదిలో అదే బాటిలు కనిపించింది, నిండా నీళ్లతో, ఎక్కడా చీలిక లేకుండా. ఆలోచించలేదు. ఆలోచించి ఏం చేయాలి, ఎముకకి ఆలోచనతో అతుకు పడదు. మామగారే మొదట వచ్చారు, ఆయనే చంకల కింద చేతులు వేసి లేపారు, బాబూ బాబూ అంటూనే ఉన్నారు, ముసలాయన భయపడ్డారనుకున్నాడు. చేతులకి తడి గుడ్డ వాసన.

తొమ్మిదీ పన్నెండు. ఇరవైలో పట్టీ కూత పెట్టాలి. పెట్టలేదు. పదమూడు. పద్నాలుగు. భార్య ఇస్త్రీ ఆపి, మీ మొహమేంటి అలా ఉంది అంది. చూపించాడు. ఆమె ఫోన్ చూసింది, నంబరు చూసింది, మొగుణ్ని చూసింది, గుడ్డ బూట్లు అని పెదాలతోనే అని, స్టూలు పక్కన నేల మీద కూర్చుండిపోయింది. తొమ్మిదీ పదిహేను: ఇరవై. మూడు నిమిషాలు ఆలస్యం. ఇంకా కిలోమీటరు, పైన వంద మీటర్లు. పదిహేను నిమిషాలు. చాలు, కాస్త ఊపిరి పీల్చుకుని అదే అడుగు వేస్తే చాలు. రండి మామయ్యగారూ, అనుకున్నాడు, పైకే అన్నాడేమో, భార్య అతని చేయి పట్టుకుంది. కూతురూ అల్లుడూ కలిసి ఫోన్లోకి వంగి చూస్తున్నారు, దొంగ గట్టెక్కాలని. ముందు గీత దాటనీ, అని నిర్ణయించుకున్నాడు, దాటాక నేనే రాసి నా తొమ్మిదీ కొట్టేయించుకుంటాను, ఆయన పేరు చెప్పను, నేనే పంపానంటాను. ఆ నిర్ణయం తీసుకోగానే ముల్లు సున్నా దగ్గర నిలిచినట్టు హాయిగా అనిపించింది. తొమ్మిది పరుగులు కాళ్లలో ఉన్నాయి, కంప్యూటర్లో లేకపోతేనేం.

ఇరవై ఆరు. ఇరవై ఎనిమిది. తొమ్మిదిన్నర. గీత దగ్గర పట్టీ కూత పెట్టలేదు. ఫోన్లో నాలుగు వందల పదిహేడు ఎదురుగా, ముగించలేదు, అని పడింది. భార్య కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అతనికి ఏదో పెద్దది పోయినట్టుంది, ఏమిటది, తనది కాని పరుగు, తను పరిగెత్తని పరుగు, దాని కోసం ఇంత బాధేంటి. పడిపోయారా? ఎండ దెబ్బా? టైలరుకి ఫోన్ చేయనా? చేయబోతుంటే టైలరే చేశాడు, నవ్వూ ఏడుపూ కాని గొంతుతో, మీ మామగారిని ఆటో ఎక్కించాను, బాగానే ఉన్నారు, మిగతాది ఆయన్నే అడుగు అని పెట్టేశాడు.

పది కావస్తుండగా మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఒకే కొలత అడుగులు, కాకపోతే ఇప్పుడు రెండు మెట్లకోసారి ఆగుతూ. మలుపులో చాలాసేపు ఆగాయి. తలుపు తీసి నిలబడ్డారు మామగారు, తెల్ల చొక్కా చెమటకి ఒంటికి అంటుకుని, దాని మీద నాలుగు పిన్నీసులతో, గీత గీసినంత సమంగా, నాలుగు వందల పదిహేడు. కూతురు నీళ్లు తెచ్చింది. ఆయన తాగి, గ్లాసు చప్పుడు కాకుండా దించారు. కూర్చోమంటే కూర్చోలేదు. అల్లుడి మొహం మీదికి కళ్లెత్తి, తర్వాత కళ్లు దించేసి, మొదలుపెట్టారు.

"నంబరు నేనే తీశాను బాబూ. అడిగితే వద్దంటారని అడగలేదు. మా ఆఫీసులో ఒకడు మంచాన పడితే ఇంకొకడు వాడి బీటు వీధులు కూడా తిరిగేవాడు. రిజిస్టర్లో బీటు తిరిగినట్టే పడేది, ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఇదీ అంతే అనుకున్నాను. ఇరవై దాటాక ఒకమ్మాయి పక్కన నడుస్తూ, పసుపు గీత చూసి, పదోసారా అంకుల్ అంది. నాది కాదమ్మా, మా అల్లుడుగారిది అన్నాను. ఆ పిల్ల మొహం పాలిపోయింది. దాటకండి, దాటితే ఆయనవన్నీ పోతాయి అంది. ఆగిపోయాను. గీతకి ఇరవై అడుగులు ఇవతల, నాలుగు నిమిషాలు చేతిలో ఉండగా. గేటు మూసేదాకా అక్కడే నిలబడ్డాను, కాళ్లు నా మాట వినకుండా వెళ్లిపోతాయేమోనని కరెంటు స్తంభం పట్టుకుని మరీ. అదొక తప్పు. అది చిన్నది. పెద్దది వేరే ఉంది. అమ్మా, నువ్వూ విను. ఆ రోజు మీ బాటిలు చిట్లలేదు. మలుపులో కుండీలకి నీళ్లు పోసింది నేను. నిద్రమత్తులో రెండు మగ్గులు ఎక్కువ పోశాను, పళ్లెం పొర్లి మెట్టు మీదికి వచ్చింది. గుడ్డ తెద్దామని పైకొచ్చాను, తెచ్చేలోపు మీరు దిగారు. అంతవరకూ పొరపాటు. తర్వాత చేసింది పొరపాటు కాదు. మీరు కింద మూలుగుతున్నారు, నా చేతిలో గుడ్డ ఉంది, నేను ముందు నీళ్లు తుడిచాను. మెట్టంతా పొడిగా అయ్యేదాకా తుడిచాను. తర్వాతే మీ దగ్గరికొచ్చాను. అల్లుడింట్లో ఉంటున్నవాణ్ని కదా, భయమేసింది. మీరు నాలుగు నెలలు ఆ బాటిల్ని తిడుతుంటే పక్క గదిలో కూర్చుని నేను పడ్డాను ఆ తిట్లన్నీ. చెబుదామని రోజూ హాల్లోకి వచ్చేవాణ్ని, మీరు కూర్చోమనేవారు, నేను నీళ్లు తాగి వెళ్లిపోయేవాణ్ని. మీ బదులు నడిచి వస్తే మీ ఎదురుగా నిలబడే ధైర్యం వస్తుందనుకున్నాను. ఇరవై దాకా రాలేదు. గీత దగ్గర ఆగినప్పుడు వచ్చింది. ఇంతే నేను చేసింది. ఇక మీరేమన్నా పడతాను, కాకపోతే కాస్త ఈ బూట్లు విప్పుకోనివ్వండి, రెండు బొటనవేళ్లూ బొబ్బలెక్కాయి. అయ్యో, ఆ స్టూలు ఇటు జరుపుతారేంటి, అది మీ కాలికి. వద్దు బాబూ. నాకు నేల చాలు. సరే, మీరంతగా లాగుతుంటే, చెరో కాలు పెట్టుకుందాం."